గట్టు మీద పెట్టె వెలుగుతూనే ఉంది

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. మూడు నెలల బిల్లు కాపీలు కూడా జత చేశారు. తన పేరు, తమ కంపెనీ పేరు, బిల్లు వేసిన క్లౌడ్ కంపెనీ (ఇంటర్నెట్ మీద కంప్యూటర్లు అద్దెకిచ్చే సంస్థ) పేరు ఏదీ బయటికి రాకూడదన్నారు. ఉత్తరం సారాంశం ఇది.

ఆమెకు 33 ఏళ్లు. బీకాం చదివారు. మామగారికి విడవలూరు మండలంలో రొయ్యల గుంటలున్నాయి. మరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. కరోనా టైమ్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ, తండ్రి రాత్రి మూడింటికి టార్చిలైటు పట్టుకుని గుంటల చుట్టూ తిరగడం చూశాడు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు పైకి తేలతాయి. ఆ సమయానికి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే పంట మొత్తం పోతుంది. ఈ కాపలా పని ఒక పెట్టెకు అప్పజెబితే ఎలా ఉంటుందా అనుకున్నాడు. నీళ్లలో సెన్సర్ కొలుస్తుంది, కొలత క్లౌడ్‌లోని సర్వర్‌కు వెళుతుంది, తేడా వస్తే రైతు ఫోన్ మోగుతుంది. వదినా మరిదీ కలిసి కంపెనీ పెట్టారు. వాటా ఆమెకు 40, అతనికి 60. లెక్కలు, వసూళ్లు, ఫీల్డ్ కుర్రాళ్ల సంగతి ఆమె చూస్తారు. కంప్యూటర్ల వ్యవహారమంతా అతనిదే.

మొదటి రెండేళ్లు క్లౌడ్ కంపెనీ స్టార్టప్‌లకు ఇచ్చే క్రెడిట్లతో, అంటే ఉచిత వాడకంతో, గడిచిపోయింది. 2025 వేసవికి 410 గుంటలు చేరాయి. గుంటకు నెలకు 700 రూపాయలు, జీఎస్టీ అదనం. అంటే 2,87,000 రాబడి. సరిగ్గా అప్పుడే క్రెడిట్లు అయిపోయాయి. ఆగస్టు చివర్లో అమెరికా సుంకాలు 50 శాతానికి ఎక్కడంతో రొయ్యల రేటు పడింది. చాలామంది రైతులు పట్టుబడి అయ్యాక మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వేయకుండా గుంటలు ఎండగట్టారు. ఇప్పుడు నడుస్తున్నవి 230. వసూలు 1,61,000. క్లౌడ్ బిల్లు మాత్రం 1,82,000, జీఎస్టీతో కలిపి 2,14,760. ముగ్గురి జీతాలు దీనికి అదనం.

తేడా పూడ్చడానికి ఆమె తన గాజులు రెండుసార్లు బ్యాంకులో కుదువ పెట్టారు. భర్తకు తెలుసు, మామగారికి తెలియదు. భర్త "మీరూ మీరూ చూసుకోండి" అంటారట. ఇక ఆమె మాటల్లోనే:

"మరిదిని అడిగితే 'నీకు అర్థం కాదులే వదినా, సర్వర్లంటే అంతే' అంటాడు. రెండోసారి అడిగితే అన్నం ముందు నుంచి లేచి వెళ్లాడు. ఒంగోలులో ఉన్న మా తమ్ముడు, మూడు లక్షలు పెట్టి సర్వర్ కొని మీ మేడ మీద గదిలో పెట్టుకోండి, నెల బిల్లే ఉండదు అంటున్నాడు. చెన్నైలో తెలిసినాయన ఒక కన్సల్టెంట్ ఉన్నాడు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంది, మరిదికి చెప్పకుండా ఆయనకిచ్చి చూపించమంటారా? లేక కంపెనీ మూసేద్దామని గట్టిగా చెప్పేయనా? మొన్న విడవలూరు వెళితే ఎండిన గుంట గట్టు మీద మా పెట్టె ఒకటి పచ్చ లైటుతో వెలుగుతోంది. నీళ్లు లేని చోట అదెందుకు వెలుగుతోందో కూడా నాకు తెలియదు. నాకు నిజంగానే అర్థం కాదేమో."

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చివరి నుంచి మొదలుపెడతాను. అసలు విషయం అక్కడే ఉంది.

ఆ పచ్చ లైటు ఎందుకు వెలుగుతోందంటే, పెట్టెను ఎవరూ ఆపలేదు కాబట్టి. దానికి సోలార్ ప్యానెల్ ఉందని మీరే రాశారు. ఎండ ఉన్నంతకాలం బ్యాటరీ నిండుతుంది, అది కొలుస్తూనే ఉంటుంది. మీ కరపత్రంలో "ప్రతి 10 సెకన్లకు కొలత" అని గొప్పగా వేసుకున్నారు. అంటే రోజుకు ఒక్కో పెట్టె 8,640 సార్లు కబురు పంపుతోంది. గాలిలో వేలాడే ఆక్సిజన్ ప్రోబ్ (సెన్సర్) సుమారు నూరు శాతం చూపిస్తుంది. కాబట్టి రొయ్య పిల్ల కూడా లేని 180 గుంటల్లో ఆక్సిజన్ నిండుగా ఉందని మీ సర్వర్ రేయింబవళ్లు రాసుకుంటోంది. దానికి మీరు గాజులు కుదువ పెట్టి డబ్బు కడుతున్నారు.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. మీరు పంపిన బిల్లులో లాగ్స్ అనే పద్దు చూడండి. నెలకు 530 జీబీ, 31,000 రూపాయలు. 410 పెట్టెలను 8,640తో హెచ్చవేస్తే రోజుకు 35 లక్షలకు పైగా కొలతలు, నెలకు పది కోట్లు దాటుతాయి. 530 జీబీని ఆ లెక్కతో భాగించండి, కొలతకు అయిదు కేబీ వస్తుంది. అసలు కొలతలో ఉండేవి నాలుగైదు అంకెలు: గుంట నంబరు, టైము, ఆక్సిజన్, వేడి. దానికి అయిదు కేబీ ఎందుకు? ప్రోగ్రామ్ కట్టేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతోందో పట్టుకోడానికి ప్రతి అడుగూ డైరీలో రాసుకునే ఏర్పాటు ఒకటి పెడతారు, లాగ్స్ అంటే ఆ డైరీయే. పని అయ్యాక దాన్ని ఆపాలి. మీ దగ్గర ఆపలేదు. క్రెడిట్లున్న రెండేళ్లూ ఆ డైరీ ఖరీదు ఎవరికీ కనపడలేదు.

గుంటల సంఖ్య 410 నుంచి 230కి పడినా బిల్లు ఎందుకు పడలేదో ఇప్పుడు తెలిసింది కదా. మీ సర్వర్ దృష్టిలో ఇప్పటికీ 410 గుంటలే.

ఈ ఆధారం తెచ్చింది మీరు, గట్టు మీద నిలబడి. కాబట్టి అర్థం కాదన్న మాటను పక్కన పెట్టేద్దాం. ప్రోగ్రామ్ రాయడం వేరు, బిల్లు చదవడం వేరు. రెండోది బీకాం చదివినవాళ్లకే బాగా వస్తుంది. నేను పదిహేడేళ్లు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేశాను. మాకు అసలు బిల్లే చూపించేవాళ్లు కాదు. ఒక ప్రాజెక్టు అయిపోయాక టెస్టింగ్ మిషన్ ఆపడం మరిచిపోయాను. అయిదు నెలలు తిరిగింది. చివరికి పట్టుకున్నది అకౌంట్స్‌లో కొత్తగా చేరిన ఒక అమ్మాయి.

మీరు ముందు ఒక్క లెక్క పెట్టుకోండి: గుంటకు ఎంత పడుతోంది. 1,82,000ను 230తో భాగిస్తే 791. మీరు వసూలు చేసేది 700. అంటే మీ వాళ్లకు జీతాలు ఇవ్వకముందే గుంటకు 91 రూపాయలు నష్టం. 410 గుంటలున్నప్పుడు ఇదే బిల్లు గుంటకు 444 పడేది, బాగానే ఉందనిపించేది. రైతు కూడా ఇలాగే చూస్తాడు, కిలో రొయ్యకు మేత ఎంత పడింది, కరెంటు ఎంత పడింది అని. మొత్తం బిల్లు చూస్తే భయం వేస్తుందే గానీ దారి కనపడదు.

ఇప్పుడు బిల్లులో మిగతా పద్దులు. మీ మరిదితో కూర్చునేటప్పుడు ఉపయోగపడతాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పది సెకన్ల సంగతి ముందు తేల్చాలి. నీళ్లలో ఆక్సిజన్ పది సెకన్లలో మారిపోయేది కాదు. పగలు ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ చేస్తుంది, రాత్రంతా రొయ్యలూ నాచూ కలిసి దాన్ని పీల్చుకుంటాయి, తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువకు పడుతుంది. మీ మామగారు మూడింటికి లేచేది అందుకే. కాబట్టి అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు నిమిషానికోసారి, మిగతా పద్దెనిమిది గంటలు అయిదు నిమిషాలకోసారి కొలిస్తే రోజుకు 576 కొలతలు. ఇప్పటిదాంట్లో పదిహేనో వంతు. రైతుకు పోయేదేమీ లేదు. మబ్బు పట్టిన రోజుల్లో పగలు కూడా నిమిషానికోసారి పెట్టుకోవచ్చు. ఇది మామగారిని అడిగి పెట్టాల్సిన లెక్క, మరిదిని అడిగి కాదు. ఈ మార్పుతో పాటు డైరీని తప్పులు మాత్రమే రాసేలా తగ్గిస్తే 31,000 పద్దు మూడు వేలకు రావచ్చు. పాత డైరీలకు గడువు కూడా పెట్టించండి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వాళ్ల క్లౌడ్) లాంటి చోట మనం గడువు పెట్టకపోతే లాగ్స్ ఎప్పటికీ చెరిగిపోవు.

డేటాబేస్ పద్దు 44,000. దీంట్లో రెండు సమానమైన వరుసలున్నాయి, ఒక్కోటి 22,000. ఒకటి అసలుది. రెండోదాని పేరులోనే 'టెస్ట్' అని ఉంది. రెండిటికీ పక్కన స్టాండ్‌బై ఉంది, అంటే ఒకటి పడిపోతే వెంటనే లేచే జంట కాపీ. అసలుదానికి అది కావాలి, ముట్టుకోవద్దు. టెస్టింగ్‌కు జంట ఎందుకు? అది తీసేస్తే 11,000. రాత్రులు, ఆదివారాలు ఆపేసి వారానికి 60 గంటలే నడిపితే నాలుగు వేలు. ఒక తిరకాసు ఉంది: ఏడబ్ల్యూఎస్‌లో డేటాబేస్‌ను ఆపేసినా ఏడు రోజుల తర్వాత దానంతటదే లేస్తుంది. ఆపాం కదా అని సంక్రాంతికి ఊరెళితే, తిరిగొచ్చేసరికి తిరుగుతూ ఉంటుంది. అందుకే చేత్తో ఆపడం కాకుండా టైము ప్రకారం ఆగేలా పెట్టాలి.

నాట్ గేట్‌వే అని ఇంకో పద్దు, 19,000. మీ సర్వర్లు లోపలి గదిలో ఉంటాయి. వాటినుంచి బయటికి వెళ్లే ప్రతి జీబీకీ ఈ గేటు దగ్గర రుసుము కట్టాలి. రైతులు పంపే చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) ఫొటోలన్నీ ఈ గేటు దాటి, అదే క్లౌడ్ కంపెనీ ఫైళ్లు దాచే గోడౌన్‌లోకే వెళుతున్నాయని నా అనుమానం. పక్క వీధిలో ఉన్న మన గోడౌన్‌కు వెంకటాచలం టోల్‌గేటు చుట్టి వెళ్లినట్టు. ఏడబ్ల్యూఎస్‌లో ఆ గోడౌన్‌కు లోపలి నుంచే వెళ్లే దారి ఉంది. దానికి డబ్బు తీసుకోరు, పెట్టడానికి అరగంట చాలు. మీ కంపెనీలో కూడా అలాంటిది ఉందో లేదో మరిది చూడాలి.

డిస్కులు, స్నాప్‌షాట్లు (డిస్కు కాపీలు) 17,000. సర్వర్ తీసేసినా దాని డిస్కు అలాగే ఉండిపోతే అద్దె పడుతూనే ఉంటుంది. పాత రకం డిస్కుల నుంచి కొత్త రకానికి మారితే జీబీకి 20 శాతం దాకా తగ్గుతుంది. చిల్లర పద్దుల్లో ఇంటర్నెట్ అడ్రసులకు డబ్బు పడింది. ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ అడ్రసుకు గంటకు అర సెంటు వేస్తోంది. మీ బిల్లులో కూడా అలాంటి అడ్రసులు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిది ఎందుకో అడగండి.

సర్వర్లు 58,000. నాలుగు పెద్ద మిషన్లు, నాలుగూ ఒకటే సైజు, నెలంతా ఆగకుండా తిరిగాయి. అవి ఎంత పనిచేస్తున్నాయో బిల్లులో తెలియదు. నెల రోజుల గ్రాఫ్ చూడాలి. ఎక్కువలో ఎక్కువ నూటికి ఇరవై కూడా దాటకపోతే ఒక సైజు తగ్గించవచ్చు. సైజు తగ్గిన ప్రతిసారీ అద్దె దాదాపు సగమవుతుంది. మీ మరిది పదివేల గుంటల కల కని ఇల్లు కట్టాడు. తప్పు పట్టను. బెంగళూరులో పెద్ద కంపెనీలో చేసినవాళ్లకు చిన్నగా కట్టడం రాదు, వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఇవన్నీ జరిగితే బిల్లు లక్షకు అటూ ఇటూ వస్తుందని నా అంచనా. గుంటకు 435. ఇప్పుడున్న 230 గుంటలతోనే క్లౌడ్ ఖర్చు పోను నెలకు 61,000 మిగులుతాయి. ముగ్గురి జీతాలకు అది చాలదని నాకూ తెలుసు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఒక హెచ్చరిక. క్లౌడ్ కంపెనీ వాళ్లు గానీ ఏజెంట్లు గానీ "ఏడాదికి ఒప్పందం రాసుకోండి, బాగా తగ్గిస్తాం" అంటారు. అబద్ధం కాదు, నిజంగానే తగ్గుతుంది. కానీ ముందు శుభ్రం చేసుకుని, రెండు నెలలు నడిపి చూసి, ఆ తర్వాత రాసుకోండి. ఇప్పుడే రాస్తే ఈ వృథా మొత్తానికి ఏడాది పాటు కట్టుబడినట్టే. రాసినా, గుంటలన్నీ ఎండగట్టిన నెలలో కూడా ఎంత కావాలో అంతవరకే రాయండి. సగం కన్నా తక్కువ ధరకు దొరికే స్పాట్ మిషన్లు కూడా ఉంటాయి. ఏడబ్ల్యూఎస్ అయితే వాటిని రెండే నిమిషాల ముందు చెప్పి వెనక్కు తీసుకోగలదు. నెలాఖరు రిపోర్టులకు వాడుకోండి. ఫోన్ మోగించే పనికి మాత్రం వద్దు.

ఆ ఫోన్ మోగడమే మీ వ్యాపారం. అందుకే ఏది తగ్గించినా ఆ రాత్రి ఒక పరీక్ష పెట్టండి. బక్కెట్టు నీళ్లలో సోడియం సల్ఫైట్ కలిపి ప్రోబ్ ముంచితే కొలత సున్నాకు పడుతుంది. తెల్లవారుజామున మూడింటికి ముంచి, మామగారి ఫోన్ ఎన్ని నిమిషాల్లో మోగిందో రాసుకోండి. మోగకపోతే ఆ మార్పు వెనక్కు తీసుకోండి, ఎంత ఆదా అయినా సరే.

ఇక మీ తమ్ముడి సలహా. ఆ అబ్బాయి మీ మేలు కోరే చెప్పాడు, లెక్క కూడా కాగితం మీద బాగానే ఉంది. కానీ మేడ మీద సర్వర్ అంటే ఏసీ, ఇన్వర్టర్, రెండు వేర్వేరు ఇంటర్నెట్ లైన్లు, ఇంట్లో మరో కాపీ, ఊరు దాటి ఇంకో కాపీ. 2021 నవంబరు గుర్తుందా? పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే ఆగిపోయింది. అలాంటి రాత్రే రైతుకు మీ పెట్టె ఎక్కువ అవసరం. అలాంటి రాత్రే మీ మేడ మీద కరెంటు ఉండదు. మూడు లక్షల సర్వర్ తక్కువ ఖరీదే, కానీ దాని పక్కన పడుకునే మనిషి ఖరీదు మీ తమ్ముడు కలపలేదు. క్లౌడ్ వదిలేసి సొంత సర్వర్లకు మారి ఆదా చేసుకున్న కంపెనీలు లేకపోలేదు. 37సిగ్నల్స్ అనే అమెరికా కంపెనీ 2022లో ఆ మాట ప్రకటించి మరీ చేసింది. వాళ్లకు సర్వర్లు చూసుకోడానికి సొంత మనుషులు ముందు నుంచీ ఉన్నారు. మీకు ఉన్నది ఒక్క మరిది.

మధ్యదారి ఒకటుంది. నెలకు ఇంత అని స్థిరమైన అద్దెకు సర్వర్లిచ్చే చిన్న కంపెనీలున్నాయి, బెంగళూరు, ముంబైలలోనే. బిల్లు చాలా తగ్గవచ్చు, నెలనెలా ఒకేలా ఉంటుంది. బదులుగా డేటాబేస్ కాపీలు తీయడం, భద్రత చూసుకోవడం, పడిపోతే లేపడం అన్నీ మీ మరిది నెత్తిన పడతాయి. మారడానికే రెండు మూడు నెలలు పడుతుంది, ఆ నెలల్లో రెండు చోట్లా అద్దె కట్టాలి. పాత డేటా బయటికి తీసుకెళ్లే రుసుము సంగతి వేరు. పూర్తిగా ఖాళీ చేసి వెళ్లేవాళ్లకు దాన్ని మాఫీ చేస్తామని పెద్ద క్లౌడ్ కంపెనీలు మూడూ (అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్) 2024లో ప్రకటించాయి. ముందుగా అడిగి పెట్టుకోవాలి. నన్నడిగితే, శుభ్రం చేశాక కూడా గుంటకు 435 దాటితేనే ఈ మధ్యదారి గురించి ఆలోచించండి. అలసిపోయి, కోపంగా ఉన్న మనిషి చేత ఇల్లు మార్పించకూడదు.

కన్సల్టెంట్ విషయం. పాస్‌వర్డ్ ఇవ్వకండి. మరిదికి చెప్పకుండా ఇవ్వొద్దు, చెప్పి కూడా ఇవ్వొద్దు. ఆ పాస్‌వర్డ్‌తో ఎవరైనా ఒక్క నొక్కుతో అన్నీ చెరిపేయగలరు. బయటివాళ్లకు చూసే అనుమతి మాత్రమే ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. దొంగచాటుగా చూపిస్తే మీకు నివేదిక వస్తుంది, దాన్ని అమలు చేయాల్సింది మళ్లీ మరిదే. వెనకాల జరిగిందని తెలిశాక ఆ పని ఎలా చేస్తాడో మీకు నాకన్నా బాగా తెలుసు. అతనే ఒప్పుకుని పిలిపిస్తే మాత్రం మంచిదే. మనవాళ్ల మాట కన్నా చెన్నై నుంచి వచ్చినాయన మాట కొందరికి తేలిగ్గా దిగుతుంది.

అతను అన్నం ముందు నుంచి లేచి వెళ్లాడన్నారు. బిల్లు సంగతి తెలియనివాడు లేవడు. అంతా తెలిసీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, అన్నయ్య ముందు, తండ్రి ముందు తల దించుకోవాల్సి వస్తుందని లేచాడనుకుంటున్నాను. నా అంచనా తప్పు కావచ్చు. కానీ ఆ వైపు నుంచి పలకరిస్తే మీకు పోయేదేమీ లేదు.

పలకరించడానికి మీ దగ్గర ఒక మంచి సాకు ఉంది. అది మీకు నచ్చకపోవచ్చు. మీరు పంపిన మూడు బిల్లుల మీదా మీ కంపెనీ జీఎస్టీ నంబరు లేదు. ఖాతా మొదట్లో మరిది సొంత పేరుతో తెరిచినట్టుంది, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. దాంతో నెలకు 32,760 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకునే వీలు) మీకు రావడం లేదు. అటు రైతుల దగ్గర వసూలు చేసిన 28,980 మాత్రం మీరు పూర్తిగా ప్రభుత్వానికి కడుతున్నారు. నంబరు ఉండి ఉంటే అది కట్టాల్సిన పనే ఉండేది కాదు. ఇది సర్వర్ల పొరపాటు కాదు, లెక్కల పొరపాటు. అంటే మీది. ఖాతాలో నంబరు ఎక్కించాలంటే లాగిన్ కావాలి, కాబట్టి మరిది దగ్గరకు వెళ్లాల్సిందే. "నా వైపు నెలకు ముప్పై వేలు కారుతున్నాయి, సరిచేయడానికి నీ సాయం కావాలి" అని వెళ్లండి. ఆ పని పూర్తయ్యాక, బిల్లు చూసే అనుమతి మీ పేరున కూడా పెట్టమనండి. నలభై వాటా ఉన్నవాళ్లకు అది హక్కే, అయినా సాయం అడిగినట్టే అడగండి. ఫలానా మొత్తం దాటితే మీ ఇద్దరి ఫోన్లకూ కబురొచ్చే బడ్జెట్ అలర్ట్ కూడా అలా కూర్చున్నప్పుడే పెట్టించండి. పాత బిల్లులు సరిచేయించుకోవచ్చేమో ఆడిటర్‌ను అడగండి. ఒక ఆర్థిక సంవత్సరం క్రెడిట్‌కు మామూలుగా తర్వాతి నవంబరు 30 దాకా గడువుంటుంది.

అతను అప్పటికీ ఇవ్వనంటే? అప్పుడు సంగతి సర్వర్లు దాటి పోయింది. ఇంటి పెద్దల ముందు, వాటాల కాగితం పెట్టుకుని మాట్లాడాలి. దానికి మీ వారు "మీరూ మీరూ" అని తప్పుకోవడం కుదరదు, ఆ మాట ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

మూసేయడం గురించి అడిగారు. లక్షకు దిగినా జీతాలకు చాలదని పైన అన్నాను. మీకు మూడు దారులున్నాయి, ఏదీ సుఖమైనది కాదు. రేటు 700 నుంచి పెంచవచ్చు, కానీ రొయ్య రేటు పడిన ఈ సమయంలో రైతు ముందు మానేసేది మీ పెట్టెనే. గుంట నడిచిన రోజులకే డబ్బు తీసుకుంటామని పద్ధతి మార్చవచ్చు. అప్పుడు ఎండగట్టిన రైతు మళ్లీ సీడ్ వేసినప్పుడు తిరిగొస్తాడు, కానీ ఈ కొద్ది నెలలూ మీకు ఇంకా బిగువు. లేదా జీతాలు కొంతకాలం సగానికి దించుకోవచ్చు, మీ ఇద్దరివి ముందు. నాకైతే రెండోది నచ్చింది, కానీ మీ చేతిలో ఎన్ని నెలల డబ్బుందో నాకు తెలియదు.

గాజుల విషయంలో మాత్రం ఒక తేదీ పెట్టుకోండి. వచ్చే రెండు బిల్లులు చూస్తాను, లక్షన్నర లోపు రాకపోతే మూడోసారి బ్యాంకుకు వెళ్లను అని. ఆ తేదీ మరిదికి కూడా చెప్పండి, బెదిరింపుగా కాదు, ఉన్న మాటగా. మామగారికి గాజుల సంగతి చెప్పాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి. నాకు తోచింది చెబుతాను: రాత్రి మూడింటికి గుంటల చుట్టూ తిరిగిన మనిషి నష్టాలు చూడనివాడు కాదు. బ్యాంకు నోటీసు చూసి తెలుసుకోవడం కన్నా మీ నోటితో వింటే ఆయనకు నయం.

రేపు పొద్దున చేయగలిగింది ఒకటుంది, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మీ ఫీల్డ్ కుర్రాళ్లకు ఫోన్ చేసి, ఎండిన గుంటల గట్ల మీదున్న 180 పెట్టెలూ ఆఫ్ చేసి లోపల పెట్టమనండి. కాకపోతే మరిదికి ముందు ఒక మాట చెప్పండి. లేకపోతే మధ్యాహ్నానికల్లా అతని ఫోన్‌కు 180 సార్లు 'డివైస్ ఆఫ్‌లైన్' అని వస్తుంది, భోజనం ముందు నుంచి మళ్లీ లేస్తాడు.